రోమనుల కంచు నాణెములపై కట్టడములు: సేకరణము, సాక్ష్యవిచారణము

శిథిలమైన కట్టడమును గూర్చి తెలిసికొనుటకు మూడు ఆధారములు కలవు: నేలలో మిగిలిన పునాది, గ్రంథములలో మిగిలిన వర్ణన, ఆ కాలమువారు చెక్కిన బొమ్మ. ప్రాచీన రోమునగరపు నిర్మాణముల విషయమున ఈ మూడవ ఆధారము మనకు తరచుగా నాణెములమీద దొరకుచున్నది. ఆలయములు, విజయతోరణములు, వంతెనలు, రేవులు, అంగడులు, క్రీడారంగములు మొదలుగా ఇన్ని విధములైన కట్టడములను నాణెములపై ముద్రించిన ప్రాచీనులు రోమనులును, వారి యేలుబడిలోని గ్రీకు నగరములవారును తప్ప ఇతరులు అరుదు.

అయితే నాణెముపై ఒక కట్టడము కనబడినంత మాత్రమున అది అట్లే యుండెనని చెప్పవచ్చునా? ఆరు స్తంభములు కనబడినచో నిజముగా ఆరు స్తంభములే యుండెనా? ఈ వ్యాసమున మేము చర్చింపబూనినది ఈ ప్రశ్ననే. దీనితోపాటు ఇట్టి నాణెములను సేకరించువారు ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అను విషయమును గూడ చెప్పవలసియున్నది. ఏలయన సాక్ష్యమును విచారించుటకు ముందు ఆ సాక్ష్యము చెడకుండ మన చేతికి అందవలెను గదా.

1. కంచు నాణెముల ప్రత్యేకత

"కంచు నాణెము" అనునది స్థూలవ్యవహారము. సామ్రాజ్యపు తొలి శతాబ్దములలో సెస్టెర్షియసు, డుపోండియసు అనునవి ప్రధానముగా ఇత్తడితోను, ఆస్ అనునది రాగితోను చేయబడెను. సేకర్తలు వీనినన్నిటిని కలిపి కంచు నాణెములనియే వ్యవహరింతురు. సెస్టెర్షియసు తూకము సుమారు 25 గ్రాములు. అడ్డుకొలత 33 మొదలు 36 మిల్లీమీటర్ల వరకు ఉండును. వెండి దినారియసు అడ్డుకొలత 18, 19 మిల్లీమీటర్లకు మించదు. ఈ వైశాల్యభేదమే మన విషయమునకు మూలము. చిన్న వెండినాణెముపై ఆలయము ఒక గుర్తుగా మాత్రమే నిలువగలదు. పెద్ద ఇత్తడినాణెముపై మెట్లు, స్తంభశీర్షములు, కప్పుమీది విగ్రహములు గూడ చెక్కుటకు ముద్రాశిల్పికి చోటు దొరకినది.

నాణెమునకు బొమ్మవైపున చక్రవర్తి శిరస్సును, అతని బిరుదావళియు నుండును. బొరుసువైపున కట్టడమును, తరచుగా "ఎస్. సి." అను రెండక్షరములును ఉండును. సెనేటు నిర్ణయముచేత అని వాని అర్థము. ట్రిబ్యూను అధికారము ఎన్నవ యేడో, కాన్సలు పదవి ఎన్నవసారియో బిరుదావళిలో చెప్పబడినచోట ముద్రణకాలము చాల దగ్గరగా తేలును. పేరును కాలమును తనతోనే తెచ్చుకొను బొమ్మ చరిత్రకారునకు అపురూపమైనది.

1859లో ఆంగ్ల వాస్తుశిల్పి టి. ఎల్. డొనాల్డ్‌సన్ "ఆర్కిటెక్చురా న్యూమిస్మాటికా" అను గ్రంథమును ప్రకటించి ఈ నాణెములను వాస్తుదృష్టితో పరిశీలించెను. 1977లో మార్టిన్ ప్రైస్, బ్లూమా ట్రెల్ అను ఇరువురు విద్వాంసులు "కాయిన్స్ అండ్ దెయిర్ సిటీస్" అను గ్రంథమున ఈ పరిశీలనమును తూర్పు రాష్ట్రముల నగరములకు విస్తరింపజేసిరి. ఈ రంగమున ప్రవేశింపగోరువారికి ఈ రెండును ముఖ్యములు.

2. నేడును నిలిచియున్న కట్టడములతో పోలిక

సాక్షి సత్యసంధతను తెలియవలెనన్నచో, మనకు ముందే తెలిసిన విషయమును అడిగి చూడవలెను. అట్లే నాణెమును గూడ మొదట కట్టడము మిగిలియున్నచోట పరీక్షింపవలెను.

ఆంటొనైనస్ పయస్ చక్రవర్తి భార్య ఫాస్టినా క్రీ. శ. 140లో మరణించెను. ఆమె పేర రోమను ఫోరమునందు కట్టబడిన ఆలయము, తరువాత చర్చిగా మారుటచేత, నేటికిని స్తంభములతో నిలిచియున్నది. దాని ముఖమున ఆరు స్తంభములు కలవు. ఫాస్టినా స్మారకముగా ముద్రింపబడిన నాణెములందును ఆలయమునకు ఆరు స్తంభములే. ఇంతవరకు సాక్షి నిజమే చెప్పినాడు. కాని నాణెముపై నడిమి రెండు స్తంభములు ఎడముగా జరిగి, వాని నడుమ దేవి విగ్రహము స్పష్టముగా కనబడును. నిజమైన ఆలయమున విగ్రహము గర్భగృహములోపల నుండునే కాని స్తంభముల నడుమ నుండదు. లోపల నున్నదానిని చూపుటకు శిల్పి స్తంభములను జరిపినాడు. ఇది అసత్యము కాదు. ఇది ఎవరి ఆలయమో చూపరులకు తెలుపుటకు ఏర్పడిన సంప్రదాయము.

రెండవ ఉదాహరణము కంకార్డియా దేవి ఆలయము. టైబీరియస్ దీనిని పునర్నిర్మించి క్రీ. శ. 10లో ప్రతిష్ఠింపజేసెను. క్రీ. శ. 34-37 నడుమ అతడు ముద్రింపించిన సెస్టెర్షియసులపై ఈ ఆలయము వింతగా కనబడును: నడుమ ఆరు స్తంభముల ముఖమండపము, దానికి ఇరువైపుల రెక్కలవలె సాగిన గోడలు, ఆ గోడలలో కిటికీలు. మండపమును మించి గర్భగృహము ప్రక్కలకు సాగుట రోమను ఆలయములలో అసాధారణము. ఆలయము నేడు లేదు. అధిష్ఠానపు శిథిలము మాత్రము కలదు. ఆ శిథిలమునుబట్టి గర్భగృహమునకు లోతుకన్న వెడల్పు ఎక్కువయనియు, ముఖమండపము దానికన్న ఇరుకైనదనియు తేలినది. కట్టడమునకు విశేషమైన లక్షణము ఉన్నచోట ముద్రాశిల్పి దానిని విడిచిపెట్టలేదని దీనివలన స్పష్టమగుచున్నది.

3. ముద్రాశిల్పి చూపిన స్వేచ్ఛ

ఇక స్వేచ్ఛ యెంతవరకు పోయినదో చూతము. కాపిటొలైను కొండమీది జూపిటరు ఆలయమునకు ముఖమున ఆరు స్తంభములుండెను. వెస్పేసియను కంచు నాణెములపై ఆరు స్తంభములును, వాని నడుమ జూపిటరు, జూనో, మినర్వా విగ్రహములును కనబడును. డొమిషియను వెండినాణెములపై అదే ఆలయమునకు నాలుగు స్తంభములే. అంతకు ముందు క్రీ. పూ. 78 ప్రాంతమున ఎం. వోల్టేయస్ ముద్రింపించిన దినారియసుపై గూడ నాలుగే. కావున స్తంభములు తగ్గుట కట్టడములోని భేదమును తెలుపదు, చోటుచాలమిని తెలుపును. వోల్టేయస్ నాణెమువలన మరియొక పాఠము గూడ కలదు. ఆ ఆలయము క్రీ. పూ. 83లో కాలిపోయెను, పునర్నిర్మాణము ముగిసి ప్రతిష్ఠ జరిగినది క్రీ. పూ. 69లో. అనగా నాణెము ముద్రితమైన నాటికి అందు చూపిన ఆలయము పూర్తిగా లేదు! నాణెము ఉన్నదానిని మాత్రమే కాక, ఉండబోవుదానిని గూడ ఉన్నట్లు చూపగలదు.

మరి స్తంభసంఖ్యాభేదము ఎల్లప్పుడును చోటుచాలమివలననే కలుగునా? అట్లనరాదు. దివ్యత్వము పొందిన ఆగస్టసు ఆలయమునే తీసికొందము. క్రీ. శ. 37 మొదలు గయస్ కలిగులా ముద్రింపించిన సెస్టెర్షియసుపై ఆరు స్తంభముల ఆలయమునెదుట చక్రవర్తి బలి యిచ్చుచుండును. క్రీ. శ. 158-159లో ఆంటొనైనస్ పయస్ అదే ఆగస్టసు ఆలయమును జీర్ణోద్ధరణము చేసినట్లు పేర్కొని ముద్రింపించిన నాణెములపై ఎనిమిది స్తంభములు కలవు. రెండును పెద్దనాణెములే, చోటు సమానమే. ఈ భేదమునకు రెండు సమాధానములు చెప్పబడినవి. ఈ నడుమ ఆలయము అగ్నికి ఆహుతియై క్రొత్త రూపమున కట్టబడెనని కొందరు; కలిగులా నాణెముపై నున్నది అపోలో ఆలయమని మరి కొందరు. ఆగస్టసు ఆలయపు శిథిలములు నిశ్చయముగా గుర్తింపబడనందున ఈ వివాదము పునాదులవలన తీరలేదు. తొలి ఆలయము కాలిపోయెనని ప్లినీ వ్రాసియుండుటచేత మొదటి సమాధానమునకే బలము ఎక్కువయని మా అభిప్రాయము.

నాణెము ఒకేసారి రెండు దృష్టులను కలుపుట గూడ కలదు. టైటసు క్రీ. శ. 80-81లో ముద్రింపించిన సెస్టెర్షియసుపై కొలోసియము ఆకాశమునుండి చూచినట్లు కనబడును. వెలుపలి అంతస్తులును, వాని కమానులలోని విగ్రహములును, లోపల కూర్చున్న జనమును ఒక్క చూపులో దొరకును. దాని ఎడమవైపున శంఖువు ఆకారమున నున్నది మేటా సూడాన్స్ అను జలయంత్రము. ఈ జలయంత్రపు శిథిలము ఇరువదవ శతాబ్దమువరకు కొలోసియము చెంతనే నిలిచి, 1936లో దారి విస్తరణకై పడగొట్టబడెను. పదునెనిమిది శతాబ్దములకు పైగా నిలిచిన కట్టడము పోయినది. అరచేతిలో ఇమిడెడు ఇత్తడిబిళ్లపై దాని రూపము మిగిలినది.

4. నాణెమే ప్రధానసాక్షి యైనచోట

నీరో కాలపు నాణెములు ఈ తెగకు ముఖ్యోదాహరణములు. క్రీ. శ. 65 ప్రాంతమునుండి ముద్రితములైన అతని సెస్టెర్షియసు, డుపోండియసు, ఆస్ నాణెములపై యానుసు దేవుని మందిరము మూసిన తలుపులతో కనబడును. నేలమీదను కడలిమీదను రోమను ప్రజలకు శాంతి సమకూడినందున యానుసు ద్వారము మూయబడెనని చుట్టునున్న వ్రాత అర్థము. యుద్ధకాలమున ఆ తలుపులు తెరచియుంచుట, శాంతికాలమున మూయుట రోమనుల ఆచారము. తన కాలమున మూడుమార్లు మూయుటకు సెనేటు నిర్ణయించెనని ఆగస్టసు తన శాసనమున చెప్పుకొనెను. ఈ మందిరము నేడు లేదు. నాణెములపై అది చిన్నదిగా, ఒక ప్రక్క జాలకపు కిటికీ గల గోడతో, పూలదండ వ్రేలాడు రెండు తలుపులతో నున్నది. ఆరవ శతాబ్దమున ప్రొకోపియసు అను చరిత్రకారుడు ఈ మందిరమును గూర్చి వ్రాయుచు, అది విగ్రహమును కప్పుటకు చాలినంత మాత్రమే పెద్దదియని చెప్పెను. నాణెమును గ్రంథమును ఒకదానినొకటి ఎరుగని సాక్షులు. వారి మాట కలసినది. ఇట్టి ఏకవాక్యత దొరకినచోట నాణెమును ధైర్యముగా నమ్మవచ్చును.

నీరో విజయతోరణము మరియొకటి. ఇది కాపిటొలైను కొండమీద కట్టబడెనని టాసిటసు చెప్పెను, శిథిలము లేదు. సెస్టెర్షియసుపై ఈ తోరణము ఏటవాలుగా చూపబడుటచేత ముఖముతోపాటు ఒక ప్రక్కగోడయు, అందలి గూటిలోని మార్సు విగ్రహమును, పైన నాలుగు గుర్రముల రథమును కనబడుచున్నవి. ఈ నాణెములు రోమునందును, లుగ్డునము (నేటి లియోన్) టంకశాలయందును అనేకములైన అచ్చులతో ముద్రితములైనవి. అచ్చులన్నియు చేతితో చెక్కబడినవే గావున వివరములలో భేదములు కలవు. 1985లో ఫ్రెడ్ క్లైనర్ ఈ తోరణముపై ప్రత్యేకగ్రంథము వ్రాసెను. ఇచ్చట పాటింపవలసిన సూత్రము సులభమైనది: పెక్కు అచ్చులలో సమానముగా కనబడునది కట్టడమునకు చెందినది, ఒక్క అచ్చులో మాత్రమే కనబడునది ఆ శిల్పికి చెందినది కావచ్చును. వ్రాతప్రతులను పోల్చి పాఠమును నిర్ణయించు పరిష్కర్తలకు ఈ సూత్రము పరిచితమే. పాఠాంతరములను చూడక ఒక్క ప్రతిని నమ్మి కావ్యమును అచ్చువేయుట యెట్టిదో, ఒక్క నాణెమును చూచి తోరణమును గీయుట అట్టిదే.

అయినను వింతగా నున్నదెల్ల శిల్పికల్పనయని త్రోసివేయరాదు. ఎఫెసస్ నగరపు నాణెములపై ఆర్టెమిస్ దేవి ఆలయపు ముఖత్రికోణమున, అనగా కప్పుక్రింది ముందరి త్రికోణభాగమున, ద్వారములవంటి తెరపులు కనబడును. ఇవి శిల్పి చాపల్యమని పూర్వులు కొందరు తలచిరి. నిజముగా ఆలయమున నున్నవేయని బ్లూమా ట్రెల్ 1945లో వాదించెను. మెయాండరు నదీతీరపు మాగ్నీషియాలోని ఆర్టెమిస్ ఆలయశిథిలమున అట్టి తెరపులే గుర్తింపబడియుండుట ఈ వాదమునకు బలము.

5. పేరు చెప్పని నాణెములు

కట్టడము పేరు వ్రాతలో లేనప్పుడు చిక్కు మరింత హెచ్చును. ట్రేజను సెస్టెర్షియసు ఒకదానిపై ఇరువైపుల బురుజులు గల ఒంటి కమాను వంతెన యున్నది. అది డాన్యూబు నదిపై అపొలోడోరసు కట్టిన వంతెనయని చాలకాలము చెప్పబడెను. కాని ఆ వంతెనకు ఇరువది రాతిస్తంభములుండెనని డియో కాసియసు వ్రాసెను. పెక్కు కమానులు సంక్షేపముగా ఒక్కటిగా చూపబడెనని కొందరును, ఇది రోములోని వేరొక వంతెనయని కొందరును అందురు. వివాదము తీరలేదు.

కాన్‌స్టాంటైన్ కాలమున, ముఖ్యముగా 320వ దశకమున, ముద్రితములైన చిన్న కంచు నాణెములపై రెండు బురుజుల ద్వారము కనబడును. చుట్టునున్న వ్రాత చక్రవర్తుల ముందుచూపును కొనియాడునే కాని కట్టడము పేరు చెప్పదు. సేకర్తలు దీనిని "శిబిరద్వారము" అందురు. కోటవాకిలియా, నగరద్వారమా, సరిహద్దు కావలిబురుజా అనునది తేలలేదు. వాడుకలో పాతుకొన్న పేరు నిర్ణయమువలె చెల్లుచున్నది. జాగ్రత్త పడవలసినది ఇచ్చటనే.

ఇట్టి చిక్కు మనకు క్రొత్త కాదు. శాతవాహనుల నాణెములపై ఒకదానిపై నొకటి పేర్చిన కమానుల గుర్తును తొలి పరిశోధకులు "చైత్యము" అనిరి. తరువాత పలువురు అది కొండయని వాదించిరి. పేరు మాత్రము రెండు విధములను నేటికిని నడచుచున్నది. అమరావతి మహాచైత్యము విషయమును గూడ ఇట్లే ఆలోచింపవచ్చును. ఆ స్తూపము చాలవరకు నశించినది; కాని దానిని అలంకరించిన పలకలపైననే స్తూపము, ప్రాకారము, ఆయకస్తంభములు చెక్కబడియున్నవి. ఆ పలకలనుబట్టి స్తూపమును ఊహించువారు, అచ్చట శిల్పి దేనిని చూచి చెక్కెను, దేనిని సంప్రదాయమునుబట్టి చెక్కెను అని విచారింపక తప్పదు. రోమను నాణెముల విచారణ మన విద్యార్థులకు ఉపకరించునది ఈ పద్ధతి విషయముననే. తెలుగునేలలో వినుకొండ, అక్కనపల్లి మొదలగు చోట్ల దొరకిన రోమను నిక్షేపములు బంగారు, వెండి నాణెములవి. కట్టడములు గల పెద్ద ఇత్తడినాణెములు ప్రధానముగా రోమను రాజ్యములోపల చెల్లినవి. వానిని మనము ఎక్కువగా మ్యూజియముల ప్రచురణలలోనే చూడవలసియున్నది.

6. సేకర్త బాధ్యత

సేకరణము వేడుకగా ఆరంభమైనను, ఈ తెగ నాణెములలో అది బాధ్యతగా మారును. కొలోసియము నాణెము వంటివి మిక్కిలి అరుదు, మిక్కిలి వెల గలవి. స్వల్పద్రవ్యముతో సేకరింపగోరువారికి పైన చెప్పిన కాన్‌స్టాంటైన్ ద్వారనాణెములును, రోమాదేవి ఆలయము గల మాక్సెన్టియసు నాణెములును అనువైనవి. మాక్సెన్టియసు క్రీ. శ. 307లో కాలిన వీనస్-రోమా ఆలయమును పునర్నిర్మించినవాడు గావున, వానికి చారిత్రకమైన విలువయు కలదు. ద్వారనాణెములపై అడుగుగీత క్రింది అక్షరములు టంకశాలను తెలుపును. "పి. టి. ఆర్." అనునది ట్రియర్ నగరమును, "ఎస్. ఎం. కె." అనునది సైజికస్ నగరమును సూచించును. టంకశాలలనుబట్టి అమర్చి, బురుజుల సంఖ్యను, రాతివరుసలను పోల్చుట ప్రారంభకులకు చక్కని అభ్యాసము.

ఇక ముఖ్యమైన అపాయమును చెప్పవలెను. అది దొంగనాణెము కాదు, చెక్కుడునాణెము. దొంగనాణెములు పూర్వమునుండియు కలవు. పదునారవ శతాబ్దమున పాడువా నగరవాసియగు జొవాన్ని కవీనో చేసిన అనుకరణములు తమంతతామే ప్రసిద్ధములై, నేడు గుర్తింపబడి వేరుగా సేకరింపబడుచున్నవి. చెక్కుడునాణెము అంతకన్న హానికరము; ఏలయన అది నిజమైన ప్రాచీననాణెమే. అరిగిపోయిన ఆలయమును సన్నని ఉలితో మరల చెక్కి, లేని గాడులు, లేని విగ్రహములు, ఒక్కొక్కప్పుడు లేని స్తంభములు గూడ చేర్చి హెచ్చువెలకు అమ్ముదురు. చక్రవర్తి జుట్టును మరల చెక్కినచో అందమునకే లోపము. కట్టడమును మరల చెక్కినచో సాక్షి నోట క్రొత్తమాట పెట్టినట్లగును. ఆ నాణెపు ఛాయాచిత్రమును చూచి రేపు ఒక పరిశోధకుడు స్తంభములు లెక్కించినచో, ఆ అబద్ధము శాస్త్రములో ప్రవేశించును.

దీనిని కనిపెట్టుటకు మార్గములు కలవు. పదింతలు పెద్దదిగా చూపు భూతద్దముతో చూచినచో, అచ్చుదెబ్బవలన లేచిన గీత అంచులు మెత్తగా నుండును. ఉలిగీత అంచులు వాడిగా, అడుగు గరుకుగా నుండును. శతాబ్దముల పచ్చని పొర గీతలో తెగియుండును, లేదా అచ్చట మాత్రమే క్రొత్త రంగు పూయబడియుండును. కట్టడము చుట్టునున్న నేల అసహజముగా చదునై, అక్షరములు సన్నబడియుండును. అన్నిటికన్న గట్టిపరీక్ష అచ్చుపోలిక. ఒకే అచ్చునుండి వెలువడిన వేరొక నాణెమును ప్రచురణలలో వెదకి ప్రక్కన నుంచి చూడవలెను. తోడునాణెమున లేని స్తంభము ఇందు కనబడినచో అది రోమను శిల్పి చెక్కినది కాదు.

శుభ్రపరచు ఉత్సాహము గూడ ఇట్టి హానియే చేయును. పులుసుతోను, ఆమ్లముతోను తోమినచో పచ్చని పొరతోపాటు సన్నని వివరములును పోవును. గట్టిగా, సమముగా నున్న పొరను కదల్పరాదు. లేతపచ్చని పొడిగా రాలు చిలుము మాత్రము లోహమును తినివేయు వ్యాధి. అది తేమవలన పెరుగును. అట్టి నాణెమును వేరుచేసి, పొడిచోట నుంచి, నిపుణులకు చూపవలెను.

నాణెముతోపాటు దాని వృత్తాంతమును భద్రపరచుట మరియొక బాధ్యత. తూకము, అడ్డుకొలత, రెండువైపుల వ్రాతలు, ఎచ్చట దొరకినది, ఎవరి చేతులు మారినది అనువానిని వ్రాసియుంచవలెను. దొంగత్రవ్వకములవలన వచ్చిన నాణెమునకు ఈ వృత్తాంతము ఉండదు. ఉన్నను నిజము కాదు. మన దేశమున పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపము భూమిలో దొరకినచో అధికారులకు తెలుపవలెనని 1878 నాటి చట్టము శాసించుచున్నది. నూరేండ్లకు పైబడిన నాణెములు 1972 నాటి పురావస్తు చట్టమునకు లోబడును.

7. ముగింపు

ఇంతవరకు చెప్పినదానిని క్రోడీకరించినచో నాలుగు సూత్రములు తేలుచున్నవి. ఒకటి: కట్టడపు విశేషలక్షణమును ముద్రాశిల్పి తరచుగా విడువడు; స్తంభసంఖ్యను మాత్రము తగ్గించుటకు వెనుదీయడు. రెండు: నాణెము కట్టడము ఉన్నదని గాక, కట్టడము కట్టుచున్నామని ప్రకటించుటకును ముద్రింపబడవచ్చును. మూడు: ఒక నాణెమునుగాక, పెక్కు అచ్చులను పోల్చి, గ్రంథముతోను పునాదితోను సరిచూచి నిర్ణయింపవలెను. నాలుగు: పేరు లేని కట్టడమునకు మనము పెట్టిన పేరును ఆధారముగా భావింపరాదు.

ఈ సూత్రములు నాలుగును ఒక్క షరతుకు లోబడియున్నవి: నాణెము శిల్పి చెక్కినట్లే మనకు చేరవలెను. యానుసు మందిరమునకు పునాది గుర్తింపబడలేదు, నీరో తోరణమునకు ఒక్క రాయియు నిశ్చయముగా దొరకలేదు. వానికి మిగిలిన రూపమెల్ల అరిగిన నాణెములమీదనే యున్నది. అరిగిన నాణెము తనకు తెలిసినంతవరకే చెప్పి ఊరకుండును. చెక్కుడునాణెము తెలియనిదానిని గూడ చెప్పును. కావున సేకర్తయు పరిశోధకుడును అరిగినదానినే ఎన్నుకొనవలెనని మా విన్నపము.